బుగ్గలు బూరెలు, ఊరు ఒక బంతి: ఫోన్‌లోనే ఫోటోలను నవ్వు పుట్టేలా వంచే పద్ధతి

సంక్రాంతికి అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడి ముందు అరిటాకు పరిచి, చుట్టూ గిన్నెలు పేర్చి తీసిన ఫోటో గోదావరి జిల్లాల్లో ప్రతి పండుగకూ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ ఫోటోలో అల్లుడిగారి బుగ్గలను బూరెల్లా ఉబ్బించి కుటుంబ గ్రూపులో పెట్టడం బావమరుదులకూ మరదళ్ళకూ ఇప్పుడు పండుగ మర్యాదల్లో ఒక భాగమైపోయింది. అయితే ఇలా తయారయ్యే ఫోటోల్లో చాలావాటికి నవ్వు రాదు. బుగ్గతో పాటు చెవి కూడా కరిగిపోయి, వెనకున్న మండువా స్తంభం మెలితిరిగి, పాయసం గిన్నె అంచు నలిగిపోయి కనిపిస్తే చూసేవారికి ఫోటో పాడైందనిపిస్తుందే తప్ప అల్లుడు నోటి నిండా బూరెలు కుక్కుకున్నాడనిపించదు. ఒక్కదాన్ని మాత్రమే వంచి, దాని చుట్టూ ఉన్నదాన్నంతటినీ ఉన్నది ఉన్నట్టు నిలబెట్టగలిగినప్పుడే హాస్యం పండుతుంది. గోదావరి వెటకారమూ అంతే కదా. ముఖం మామూలుగానే పెట్టి, ఒక్క మాట మాత్రం వంకరగా వదులుతారు. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

ఏ యాప్, అందులో ఏ పరికరం

ఈ పనికి నేను ముందుగా సూచించేది పిక్స్‌ఆర్ట్. ఆర్మేనియాలో పుట్టి 2011లో విడుదలైన ఈ యాప్‌లో ఫోటోను తెరిచి, కింది వరుసలో ఉండే 'టూల్స్' నొక్కితే 'స్ట్రెచ్' అనే పరికరం కనిపిస్తుంది. దాని లోపల వేలితో లాగడానికి 'వార్ప్', మెలితిప్పడానికి 'స్వర్ల్', ఉబ్బించడానికి 'ఇన్‌ఫ్లేట్', కుదించడానికి 'స్క్వీజ్', పోయిన రూపాన్ని తిరిగి రప్పించడానికి 'రిస్టోర్', కదలకూడని చోటును బిగించి ఉంచడానికి 'ఫ్రీజ్' ఉంటాయి. వెర్షన్ మారినప్పుడల్లా బొత్తాల చోటు కొద్దిగా అటూ ఇటూ అవుతుంది గాని పనితీరు మారదు. కంప్యూటర్ మీద పనిచేసేవారికి 2000లో ఫోటోషాప్ ఆరో వెర్షన్‌తో వచ్చిన 'లిక్విఫై' చేసే పనినే ఇవి ఫోన్ తెర మీద చేస్తాయి.

రెండోది స్నాప్‌సీడ్. నిక్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ దీన్ని తయారుచేయగా, 2012లో గూగుల్ ఆ సంస్థనే కొనేసింది. ఇందులో బుగ్గలు ఉబ్బించే బ్రష్ కోసం వెతకడం అనవసరం. దీని సొగసు వేరు. 'హెడ్ పోజ్' అనే పరికరంతో ముఖాన్ని కొద్దిగా పక్కకు తిప్పవచ్చు, కనుపాపల పరిమాణాన్ని మార్చవచ్చు, ఫోటోలో ముభావంగా కూర్చున్న మనిషి పెదవుల మీదికి లేని చిరునవ్వు తెప్పించవచ్చు. 'పర్‌స్పెక్టివ్' పరికరంలో 'ఫ్రీ' ఎంచుకుని ఫోటో మూలను పట్టుకుని లాగితే నిలువుగా ఉన్న ఇల్లు పక్కింటి మీదికి వాలిపోతుంది. పెంకుటిళ్ళ వరుస ఉన్న వీధి ఫోటో మీద ఇది బాగా పండుతుంది.

ఈ పరికరాల వెనక జరిగే పని దాదాపు ఒకటే. యాప్ ఫోటో మీద కనిపించని గళ్ళ చట్రం ఒకటి పరుస్తుంది. మనం వేలితో లాగినప్పుడు ఆ గళ్ళ మూలలు జరుగుతాయి. సాగిన గడిలో ఖాళీ పడిన చోటును చుట్టుపక్కల రంగుల ఆధారంగా లెక్కవేసి నింపుతుంది. ఎంత దూరం లాగితే అంత ఎక్కువ ఖాళీని అంత తక్కువ సమాచారంతో నింపవలసి వస్తుంది కాబట్టి అక్కడ బొమ్మ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంటే ఫోటో ఎలాంటిది ఎంచుకోవాలో, వేలు ఎంతవరకు కదపాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఫోటో ఎంపిక

వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చిన ఫోటో ఈ పనికి పనికిరాదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది కనుక, లాగడానికి తగినన్ని పిక్సెళ్ళు (ఫోటోను కూర్చే చిన్న రంగు చుక్కలు) మిగలవు. ఫోటో తీసిన వారి ఫోన్ నుంచే అసలు ఫైలు తెచ్చుకోవాలి. అది వాట్సాప్‌లోనే రావాలంటే 'డాక్యుమెంట్'గా పంపమని అడగాలి. పని మొదలుపెట్టే ముందు ఆ ఫైలుకు ఒక నకలు తీసి, నకలు మీదే చేయి చేసుకోవాలి.

నేపథ్యం విషయంలో మన ప్రాంతం కలిసివస్తుందనీ చెప్పవచ్చు, ఇబ్బంది పెడుతుందనీ చెప్పవచ్చు. వరిచేను, కాలువ నీరు, ఖాళీ ఆకాశం వెనక ఉంటే ఎంత వంచినా పట్టుబడదు, ఎందుకంటే వాటిలో కంటికి తెలిసిన సరళరేఖ ఏదీ ఉండదు. అదే మనిషి కొబ్బరి తోటలో నిలబడి ఉంటే, ముఖం పక్కన ఉన్న మాను నిలువు గీత బుగ్గతో పాటే ఉబ్బి మొత్తం గుట్టు బయటపెడుతుంది. కరెంటు స్తంభాలు, కిటికీ ఊచలు, గళ్ళ చొక్కా, పంచె అంచు, గచ్చు మీద పలకల గీతలు కూడా ఇలాగే పట్టిస్తాయి. నరసాపురం లేసు పరిచిన బల్ల దగ్గర తీసిన ఫోటోను అయితే నేను ముట్టుకోను. ఆ అల్లికలో ఒక్క రంధ్రం సాగినా కనిపిస్తుంది.

కొంత వంకర కెమెరా దగ్గరే సంపాదించుకోవచ్చు. ఫోన్‌ను ముఖానికి మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముందుకు పొడుచుకువచ్చే ముక్కు పెద్దదిగా, వెనకున్న చెవులు చిన్నవిగా పడతాయి. దాదాపు 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ముక్కు మీద జోకు వేయదలచుకుంటే ఇలా దగ్గరగా తీసిన ఫోటోతోనే మొదలుపెడితే యాప్ చేయవలసిన పని సగం తగ్గిపోతుంది, పిక్సెళ్ళూ చెదరవు. బుగ్గలు ఉబ్బించడానికి మాత్రం ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఎదురుగా తీసిన ఫోటో కావాలి.

అల్లుడి బుగ్గలు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఫోటోలో అల్లుడు అరిటాకు ముందు కూర్చుని కెమెరా వైపు చూస్తున్నాడు, వెనక మండువా స్తంభం, ముందు గుండ్రటి గిన్నెలు ఉన్నాయి అనుకుందాం. 'స్ట్రెచ్' తెరవగానే ఉబ్బించడానికి తొందరపడకూడదు. ముందుగా 'ఫ్రీజ్' తీసుకోవాలి. రెండు చెవులు, చొక్కా కాలరు, ముఖానికి ఆనుకుని కనిపించే స్తంభం, గడ్డం కిందికి వచ్చే గిన్నె ఏదైనా ఉంటే దాని అంచు, వీటి మీద వేలితో రుద్దితే ఆ మేరకు రంగు పూత పరుచుకుంటుంది. ఆ పూత ఉన్నంత మేరా తరువాత చేసే ఏ పనికీ ఫోటో కదలదు. అయితే పూతను బుగ్గ అంచుకు మరీ దగ్గరగా తెస్తే బుగ్గ ఉబ్బేటప్పుడు అక్కడ గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయి పదునైన మడత పడుతుంది కనుక, మధ్యలో సన్నటి ఖాళీ వదలాలి.

తరువాత 'ఇన్‌ఫ్లేట్' ఎంచుకుని బ్రష్ పరిమాణాన్ని బుగ్గ వెడల్పులో ముప్పాతిక భాగానికి సరిపెట్టాలి. బ్రష్ బుగ్గ కంటే పెద్దదైతే కన్ను, ముక్కు కూడా లోపలికి వచ్చేస్తాయి. మరీ చిన్నదైతే బుగ్గ మీద బొబ్బ లేచినట్టు ఉంటుంది. బలాన్ని తగ్గించి పెట్టుకుని, నోటి మూలకూ చెవికీ నడుమ, చెంప ఎముకకు కాస్త కిందుగా వేలు ఆనించి వెంటనే తీసేయాలి. వేలు పెట్టి ఉంచినకొద్దీ ఉబ్బు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఒకే సారి నొక్కిపట్టడం కంటే చిన్న చిన్న తాకిళ్ళతో పెంచుకుంటూ పోవడం మంచిది. రెండో బుగ్గకు వెళ్ళేటప్పుడు తెర మీద జూమ్ మార్చకూడదు. బ్రష్ పరిమాణం తెరకు సంబంధించినది, ఫోటోకు సంబంధించినది కాదు. జూమ్ మారితే అదే బ్రష్ ఫోటో మీద వేరే కొలత అయిపోతుంది, రెండు బుగ్గలూ రెండు రకాలుగా తయారవుతాయి. ఒకే బుగ్గ ఉబ్బాలి, అంటే ఒక పక్కనే కాజా పెట్టుకున్నట్టు ఉండాలి అనుకుంటే అది వేరే సంగతి. నిజం చెప్పాలంటే అదే ఎక్కువ నవ్విస్తుంది.

నోటి నిండా ఉన్న మనిషి పెదవులు మామూలుగా ఉండవు, బిగిసి చిన్నవవుతాయి. ఇది గమనించనివారి ఫోటోల్లో బుగ్గలు ఉబ్బి ఉంటాయి గాని నోట్లో ఏమీ ఉన్నట్టు అనిపించదు. 'స్క్వీజ్' తీసుకుని, పెదవుల మధ్య ఒకటి రెండు తాకిళ్ళు తాకితే సరిపోతుంది. ఆపైన 'వార్ప్'ను చిన్న బ్రష్‌తో తీసుకుని కింది కనురెప్పలను వెంట్రుకవాసి పైకి నెడితే బుగ్గల బరువు కళ్ళ దాకా తెలుస్తుంది. కనుగుడ్లను మాత్రం తాకకూడదు. ఆ చూపు మామూలుగా, కొంచెం మర్యాదగా, అత్తగారి వడ్డనను కాదనలేని అల్లుడి చూపుగానే మిగలాలి. ఎక్కడైనా చేయి జారితే మొత్తం రద్దు చేయనక్కర్లేదు. 'రిస్టోర్'తో ఆ చోటును మాత్రమే రుద్దితే పాత రూపం మెల్లగా తిరిగి వస్తుంది.

పని మధ్యలో తరచూ ఫోటో మొత్తం తెర మీద కనిపించేలా చిన్నదిగా చేసి చూడాలి. పెద్దదిగా చేసి చూస్తున్నప్పుడు ఇంకా చాలదనిపించిన ఉబ్బు, గ్రూపులో చూసేవారికి కనిపించే పరిమాణంలో ఎక్కువైపోయి ఉంటుంది. మనిషిని గుర్తుపట్టలేనంతగా వంచితే జోకు ఎవరి మీదో తెలియదు.

మీసం, ముక్కు, కళ్ళు

పడక్కుర్చీలో కూర్చున్న పెదనాన్నగారి మీసాన్ని చెవుల దాకా సాగదీయాలనుకునేవారు 'వార్ప్'తో మీసం కొసను పట్టుకుని ఒకే లాగు లాగుతారు. అప్పుడు మీసంతో పాటు చెంప చర్మం కూడా సాగి, మీసం నల్లటి మరకగా మిగులుతుంది. చిన్న బ్రష్‌తో, వెంట్రుకలు పెరిగే దిశలో, గోరువెడల్పు చొప్పున పొట్టి లాగుళ్ళు వేసి, ప్రతి లాగుడుకూ కొస నుంచి కాక కొసకు కొంచెం లోపలి నుంచి మొదలుపెడితే వెంట్రుకల పోగులు చెదరకుండా ముందుకు జరుగుతాయి. చివర్లో కొసలను పైకి తిప్పడానికి 'స్వర్ల్'ను ఒక పక్క కుడివైపుకు, రెండో పక్క ఎడమవైపుకు వాడాలి. రెండింటికీ ఒకే దిశ వాడితే ఒక కొస పైకి, మరొకటి కిందికి తిరుగుతుంది. నెరిసిన మీసం తెల్లటి గోడ ముందు ఉంటే ఈ కష్టమంతా వృథా, దూరానికి ఏమీ తెలియదు.

ముక్కుకు కొన మీద ఒక్క ఉబ్బు చాలు, ముక్కుపుటాలను వదిలేయాలి. కళ్ళు పెద్దవి చేసేటప్పుడు వేలు సరిగ్గా కనుపాప మధ్యలో పడాలి, కళ్ళజోడు ఉన్నవారిని వదిలేయాలి.

తినేవి, తిరిగేవి

మనుషుల జోలికి పోకుండా వస్తువులతోనే నవ్వించడం ఇంకా హాయి. తాపేశ్వరం మడతకాజా 'ఇన్‌ఫ్లేట్'కు బాగా లొంగుతుంది. దాని పొరలు కూడా ఉబ్బుతో పాటే విచ్చుకుని, పాకం మెరుపు పెరిగి, అరచేతిలో పట్టనంత కాజా నిజంగానే ఉందనిపిస్తుంది. ఆత్రేయపురం పూతరేకు అలా కాదు. పల్చటి పొరల చుట్ట కాబట్టి మధ్యలో ఉబ్బిస్తే పగిలిపోవలసిందే కదా అని తిన్నవారెవరికైనా తోస్తుంది. దాన్ని పొడవు చేయాలి. 'వార్ప్'ను పెద్ద బ్రష్‌తో తీసుకుని, పట్టుకున్న వేళ్ళను 'ఫ్రీజ్'తో బిగించి, రెండో కొసను చూరు దాకా లాగితే పూతరేకు మూరెడు పొడుగవుతుంది. పెరట్లో పుంజు ఫోటో ఉంటే ఒంటిని బిగించి కాళ్ళను మాత్రం కిందికి లాగి చూడండి. ఆ కాళ్ళ మీద అది అదే గర్వంతో నిలబడి ఉండటమే తమాషా.

సరళరేఖల మీద చేయి సాధన చేయాలనుకునేవారికి రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ నుంచి తీసిన రైలు వంతెన ఫోటో మంచి పాఠం. 1997లో వాడుకలోకి వచ్చిన ఆర్చి వంతెనకు ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 విల్లులు ఉన్నాయి. అన్నింటినీ అలల్లా వంచితే కంటికి అలసటే మిగులుతుంది. అటు ఇటు ఉన్నవాటిని 'ఫ్రీజ్' చేసి, రైలు వెళ్తున్న ఒక్క విల్లును మాత్రం పైకి ఉబ్బించాలి. మిగిలిన వరుస చెక్కుచెదరకుండా ఉంటేనే ఆ ఒక్కటీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కనే 1900 నాటి పాత హేవలాక్ వంతెన కూడా ఫోటోలో పడితే దాన్ని కదపకుండా వదిలేస్తే కొలతకు ఆధారంగా ఉంటుంది.

ఊరిని బంతి చేయడం

పిక్స్‌ఆర్ట్‌లో 'ఎఫెక్ట్స్'లోకి వెళ్ళి 'డిస్టార్ట్' విభాగం చూస్తే చేపకంటి లెన్సు, అద్దాలు, నీటి అలలు వంటివాటితో పాటు 'టైనీ ప్లానెట్' అనేది ఉంటుంది. మిగిలినవాటిని ఒక్కొక్కసారి నొక్కి చూసి వదిలేసినా నష్టం లేదు గాని, దీన్ని మాత్రం డెల్టాలో ఉండేవారు వదలకూడదు. ఇది ఫోటోలోని అడుగు అంచునంతటినీ ఒక్క బిందువుగా నడిమికి చేర్చి, పై అంచును బయటి వలయంగా పరిచి, ఎడమ కుడి అంచులను ఒకదానికొకటి అతుకుతుంది. అప్పుడు నేల చిన్న బంతి అవుతుంది, చెట్లు దాని చుట్టూ బయటికి నిక్కుతాయి. కొండలున్న ఊళ్ళలో దిగంతం ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల రెండు అంచులూ ఎక్కడో ఒకచోట మెట్టులా తెగుతాయి. కోనసీమలో నేల చదును, దిగంతం గీత గీసినట్టు ఉంటుంది, పైన ఖాళీ ఆకాశం, చుట్టూ కొబ్బరిచెట్లు. ఈ ఎఫెక్ట్‌కు కావలసినవన్నీ గట్టు దిగకుండానే దొరుకుతాయి.

ఫోటోలో దిగంతం సరిగ్గా అడ్డంగా ఉండాలి. అర అంగుళం వాలినా అతుకు దగ్గర తెగుతుంది. అడుగున మూడో వంతు వరకు పచ్చికో వరిచేనో తప్ప మరేమీ లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ నిలబెట్టిన సైకిలు చక్రం బంతి మధ్యలో నలిగి ముద్దవుతుంది. కాలువ ఫోటోలో అడ్డంగా సాగుతూ ఉంటే నీరు ఆ బంతి చుట్టూ వలయమై తిరుగుతుంది, రేవులో ఉన్న పడవ దానిలో ఒక పక్కన నిలుస్తుంది. ఎడమ కుడి అంచులు కలవని ఫోటోకు ఒక చిట్కా ఉంది. కొలాజ్ పరికరంలో గీతల మందం సున్నా చేసి, ఒక గడిలో అసలు ఫోటో, పక్క గడిలో అదే ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టి ఒకటిగా భద్రపరిస్తే కొత్త ఫోటోకు రెండు చివరలూ ఒకే బొమ్మ అవుతాయి. దాని మీద 'టైనీ ప్లానెట్' వేస్తే అతుకు కనిపించదు. ఫోటోను తలకిందులు చేసి వేస్తే ఆకాశం నడిమికి చేరి, ఊరంతా చుట్టూ గోడలా లేచి, మనం నూతి అడుగు నుంచి పైకి చూస్తున్నామనిపిస్తుంది.

ఎవరివి, ఎక్కడివి

మనిషి ముఖంతో ఆడినప్పుడు ఫోటో ముందు ఆ మనిషికే చూపించాలి, ఆ తరువాతే గ్రూపులో పెట్టాలి. వంచే అవయవం ఆ మనిషిని ఇప్పటికే ఎవరైనా ఎత్తిపొడిచేది అయితే, నల్లటివాడనో లావనో పళ్ళు ఎత్తనో అంటూ ఉండేది అయితే, దాన్ని వదిలి మరొకటి చూసుకోవడం మేలు. ఊరి ఆడపిల్లల ఫోటోలతో, పోయినవారి ఫోటోలతో ఈ ఆట వద్దు. కనుమ నాడు 11 గ్రామాల నుంచి ఏకాదశ రుద్రులు వచ్చి చేరే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన ఫోటోలో ప్రభను (దేవుడి కోసం కట్టి, అలంకరించి, భుజాల మీద మోసే ఎత్తైన చట్రాన్ని) మెలితిప్పితే సాంకేతికంగా బాగానే వస్తుంది, కానీ దాన్ని మోసిన భుజాలున్న ఊళ్ళో దానికి ఎవరూ నవ్వరు.

యాప్ ఫోటోలన్నీ చూడటానికి అనుమతి అడిగినప్పుడు అన్నీ ఇవ్వనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 14 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఎంపిక చేసిన ఫోటోలకు మాత్రమే అనుమతి ఇచ్చే వీలు ఉంది. వేలితో లాగే పరికరాలకు సాధారణంగా ఇంటర్నెట్ అవసరం లేదు. ఒక ఎఫెక్ట్ ముఖాన్ని ఎక్కడికైనా పంపుతోందేమో అనే అనుమానం వస్తే ఫోన్‌ను విమానం గుర్తు ఉన్న స్థితిలో పెట్టి అదే ఎఫెక్ట్‌ను నొక్కి చూడాలి. అప్పుడు పనిచేయకపోతే అది చాలావరకు సర్వరు మీద నడుస్తోందని అర్థం. పిల్లల ముఖాలను అలాంటివాటికి ఇవ్వకపోవడం మంచిది.

భద్రపరిచేటప్పుడు యాప్‌లో దొరికే గరిష్ఠ పరిమాణాన్నే ఎంచుకోవాలి. పని మొత్తం ఒక్కసారిగా ముగించి భద్రపరచాలి. భద్రపరిచి, మళ్ళీ తెరిచి, మళ్ళీ భద్రపరిస్తే జేపెగ్ ఫైలు ప్రతిసారీ కొంత నాణ్యత పోగొట్టుకుంటుంది. గ్రూపులో పెట్టేటప్పుడు వంచిన ఫోటో పక్కన అసలు ఫోటోను కూడా కొలాజ్‌లో చేర్చాలని నా అభిప్రాయం, ఎందుకంటే మారింది ఒక్క బుగ్గేనని, స్తంభం, గిన్నె, కాలరు అన్నీ అక్కడే ఉన్నాయని చూసేవారికి అప్పుడే తెలుస్తుంది. వాట్సాప్‌లో 2023 నుంచి ఉన్న హెచ్‌డీ ఎంపికను పంపే ముందు నొక్కితే మీసం కొసలు అలుక్కుపోకుండా అవతలి ఫోనుకు చేరతాయి.